రెప్లికేషన్ జన్యువు పోయిన జీబ్రాఫిష్ పిండం అంతసేపు ఎలా బతుకుతోంది?

గుంటూరు_జువాలజీ
మొన్న డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో జరిగింది చెబుతా, న్యాయం మీరే చెప్పండి. నా టాపిక్ ఏంటంటే, జీబ్రాఫిష్ పిండంలో డీఎన్‌ఏ రెప్లికేషన్‌కి కావాల్సిన జన్యువు పోతే ప్రోజెనిటర్ కణాల (విభజన అవుతూ కొత్త కణాల్ని పుట్టించేవి) గతేంటి అని. ఉదాహరణకి ఫ్లాట్‌హెడ్ మ్యూటెంట్ తీసుకున్నా. దాంట్లో పోల్‌డీ1 జన్యువు చెడిపోయి ఉంటుంది, అంటే పిండం సొంతంగా డీఎన్‌ఏ పాలిమరేజ్ డెల్టా, అదే డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్, తయారుచేసుకోలేదు. అయినా మొదటి రోజంతా దాదాపు మామూలుగానే పెరుగుతుంది, గుండె కొట్టుకుంటుంది, తోక ఆడిస్తుంది. ఆ తర్వాతే కళ్లలో, నడిమెదడు పైభాగంలో ఉండే టెక్టమ్‌లో కణాలు చావడం మొదలవుతుంది.

ఇంతవరకు చెప్పానో లేదో, ముందు వరసలో కూర్చున్న సార్ ఒకరు ఆపేసి "డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమే లేకపోతే ఒక కణం రెండు ఎలా అయిందమ్మా, పేపర్ సరిగ్గా చదివావా" అన్నారు. హాల్లో ఒకటే నవ్వులు. జవాబు సగం తెలిసినా ఆ టెన్షన్‌లో నోరు పెగల్లేదు. వచ్చే వారం మళ్లీ ప్రెజెంట్ చెయ్యమన్నారు. అంతసేపు ఎలా బతికింది, చచ్చేటప్పుడు కళ్లూ మెదడూ ముందెందుకు, ఈ రెండూ నాకు గట్టిగా కావాలి. లింకులు పడేసి వెళ్లకండి, అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

సరదా_సాంబయ్య
ఫ్లాట్‌హెడ్ అనగానే మా మేనేజర్ గుర్తొచ్చాడు. ఆయన కూడా ఇన్నేళ్లు ఎలా నెట్టుకొస్తున్నాడో ఏ పేపర్లోనూ లేదు.

పిపెట్_చెయ్యి
జువాలజీ గారూ, నేను తెనాలి వాడినే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇవే చేపలతో పీహెచ్‌డీ. మీ సార్ అడిగింది మంచి ప్రశ్నే, అడిగిన తీరే బాలేదు.

జవాబు తల్లి దగ్గరుంది. ఈ మ్యూటెంట్ పిండాల తల్లిదండ్రులిద్దరూ హెటిరోజైగస్, అంటే చెడిపోయిన కాపీ ఒకటి, మంచిది ఒకటి. వాళ్ల గుడ్లలో నాలుగో వంతే పూర్తి మ్యూటెంట్లు. కానీ గుడ్డు తయారయ్యేది తల్లి అండాశయంలో, తల్లికి ఒక మంచి కాపీ ఉంది కదా, అందుకని ప్రతి గుడ్డులోకీ పాలిమరేజ్ ప్రోటీనూ, దాన్ని తయారుచేసే సూచన చీటీ లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ముందే నింపి పంపుతుంది. పిండానికి తనదైన జన్యువు పాడైందన్న సంగతి చాలాసేపటి వరకూ తెలియనే తెలియదు. 28.5 డిగ్రీల దగ్గర మొదటి విభజన ముప్పావు గంటకి అవుతుంది, ఆ తర్వాత పావుగంటకొకటి. మూడు గంటలకల్లా వెయ్యి కణాల దశ. అప్పటిదాకా పిండం సొంత జన్యువులు దాదాపు నిద్రలోనే ఉంటాయి. ఆ పది విభజనలూ తల్లి పెట్టిన సరుకుతోనే.

మన భాషలో చెప్పాలంటే కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి లైన్ పోయిన సంగతి ఎవరికీ పట్టదు. బ్యాటరీ దిగడం మొదలెట్టాక ఎక్కడ లోడ్ ఎక్కువుంటే అక్కడ ముందు తెలుస్తుంది. పిండంలో ఆ లోడ్ ఎక్కువున్న గదులే కన్నూ, టెక్టమూ.

బెజవాడ_అక్వేరియం
మా పటమటలో ఇన్వర్టర్ కూడా పోయింది నిన్న రాత్రి. పిండం నయం.

కొత్తపేట_కెమిస్ట్రీ
ఇన్వర్టర్ అయితే కరెంటు రాగానే మళ్లీ ఛార్జ్ అవుతుంది. ఇక్కడ తల్లి సరుకు అయిపోతే అయిపోయినట్టే కదా, పోలిక పూర్తిగా కుదరలేదు. ఇంకో డౌటు. పావుగంటకో విభజన అంటున్నారు, అందులోనే డీఎన్‌ఏ మొత్తం కాపీ అవ్వాలా? మన కణాల్లో కాపీ జరిగే ఎస్ ఫేజ్ ఒక్కటే దాదాపు ఎనిమిది గంటలని చదువుకున్నాం. ఈ చేప జీనోమ్ ఏమన్నా చిన్నదా?

పిపెట్_చెయ్యి
చిన్నదేం కాదు, 140 కోట్ల బేస్‌ల పైమాటే. 2013లో పూర్తి జీనోమ్ వచ్చింది, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి జీబ్రాఫిష్‌లో జోడీ ఉందని అందులోనే తేలింది.

అంత వేగం ఎలాగంటే, మొదటి విభజనల్లో జీ1, జీ2 ఫేజులు, అంటే కాపీకి ముందూ వెనకా ఉండే విరామ దశలు, ఉండవు. కాపీ చెయ్, చీలిపో, కాపీ చెయ్, చీలిపో, అంతే. రెప్లికేషన్ మొదలయ్యే చోట్లు, అవే ఆరిజిన్లు, దగ్గర దగ్గరగా చాలా ఎక్కువగా ఒకేసారి రేగుతాయి. ఒక్కో ఫోర్క్, అంటే కాపీ జరుగుతూ ముందుకి కదిలే చోటు, కొద్ది దూరమే నడిస్తే సరిపోతుంది. దానికి తగ్గట్టు కాపీ పనికి కావాల్సిన ప్రోటీన్లు, అంటే ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1, ఎంసీఎం హెలికేజ్, పీసీఎన్‌ఏ, ప్రైమేజ్, పాలిమరేజ్‌లు కుప్పలుతెప్పలుగా కావాలి. తల్లి నింపే సరుకు అంత దండిగా ఉండేది అందుకే. కాబట్టి ఒక్క పోల్‌డీ1 అనే కాదు, ఎంసీఎం5 పోయిన మ్యూటెంట్, ప్రైమేజ్‌లో ఒక భాగం పోయిన పిన్‌బాల్ ఐ మ్యూటెంట్, వీటన్నిటి కథా ఇంచుమించు ఒకటే. మొదట్లో బాగుంటాయి, తర్వాత కన్ను దెబ్బతింటుంది.

కైకలూరు_హేచరీ
ఈ ముక్క మేం ఎప్పట్నుంచో చెబుతున్నదే. తల్లి చేప బాగుంటేనే సీడ్ బాగుంటుంది. మా సర్క్యులర్ హేచరీలో శీలావతి గుడ్లు నీళ్లలో పడగానే ఉబ్బి ముత్యాల్లా తేలతాయి, 14 నుంచి 18 గంటల్లో పొదిగేస్తాయి, పొదగబోయే ముందు లోపల పిల్ల గిలగిలా కొట్టుకోవడం చేతిలో పట్టుకున్న గిన్నెలో కళ్లకి కనపడుద్ది. బ్రూడర్లకి, అంటే గుడ్లు పెట్టే తల్లి చేపలకి, మేత సరిగ్గా పడని ఏడాది గుడ్డు ఉబ్బదు, సగం తెల్లబడి పోతాయి. మరి మీ జీబ్రా తల్లికి మేత బాగా పెడితే సరుకు ఎక్కువ నింపి ఆ మ్యూటెంటు పిల్ల బతికేయదా? తమాషాకి కాదు, నిజంగానే అడుగుతున్నా.

పిపెట్_చెయ్యి
బాబాయ్, మేతతో గుడ్డు నాణ్యత, సొన బాగుపడతాయి, అది నిజం. కానీ ఇక్కడ లెక్క వేరు. పిండం కణాలు పెరిగేకొద్దీ అదే సరుకు అందరికీ పంచాలి, దానికి తోడు పాత ప్రోటీన్లూ ఎంఆర్‌ఎన్‌ఏలూ కరిగిపోతూ ఉంటాయి. వెయ్యి కణాలకి సరిపోయింది కదా అని లక్షకి సరిపోదు. తల్లి ఎంత పెట్టినా కొన్ని గంటలు వెనక్కి జరుగుతుందేమో, ఆగదు.

కైకలూరు_హేచరీ
సరేలే. మా దగ్గర ఆ మాత్రం కొన్ని గంటలు వెనక్కి జరిగినా లాభమే. 😀

లక్ష్మీపురం_సత్య
కన్నే ఎందుకన్న దానికి ఇంకాస్త వివరంగా చెప్పండి. ఒంట్లో కణాలన్నీ విభజన అవుతాయి కదా, కండరం కూడా.

మార్నింగ్_వాక్_మాస్టారు
సత్యా, ఇది నేను చెబుతా, ముప్పై ఏళ్లు ఎంబ్రియాలజీ పాఠం చెప్పినవాణ్ణి. అన్నీ ఒకేసారి, ఒకే వేగంతో విభజన కావు. వెన్ను కడ్డీ లాంటి నోటోకార్డ్, మొదటి కండర కణాలు చాలా ముందే విభజన చక్రం నుంచి బయటపడి తమ పనిలో కుదురుకుంటాయి. విభజన మానేసిన కణానికి రెప్లికేషన్ యంత్రం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 24 గంటలకి గుండె కొట్టుకోవడానికి కొత్త డీఎన్‌ఏ అక్కర్లేదు, ఉన్న కణాలు ముడుచుకుని సాగితే చాలు. సరిగ్గా అదే సమయానికి కంటి రెటీనాలోనూ టెక్టమ్‌లోనూ ప్రోజెనిటర్ కణాలు కిక్కిరిసి ఉండి, ఆగకుండా విభజన అవుతుంటాయి. రెటీనాలో మొదటి నాడీకణాలు, అవే గాంగ్లియన్ కణాలు, 28 గంటలప్పుడు పుట్టడం మొదలవుతుంది. అంటే సరుకు నిండుకునే వేళకి బండెడు పని ఉన్న చోటు అదే. ఇంకో విశేషం, చేపకి రెటీనా అంచున ఉండే సీలియరీ మార్జినల్ జోన్‌లో ఈ ప్రోజెనిటర్లు జీవితాంతం ఉంటాయి, కన్ను ఒంటితోపాటు పెరుగుతూనే ఉంటుంది. మ్యూటెంట్లలో దెబ్బ గట్టిగా తగిలే చోట్లలో అదొకటి.

గుంటూరు_జువాలజీ
థాంక్యూ మాస్టారూ, మీ పాఠం ముందే విని ఉంటే హాల్లో అంత నవ్వులపాలు అయ్యేదాన్ని కాదు.

కొత్తపేట_కెమిస్ట్రీ
నాకైతే ఇంకా ఒక మెలిక ఉంది. డీఎన్‌ఏ కాపీ కాలేదు, కణం విభజన కాలేదు, సరే. విభజన ఆగిపోతే కణం ఊరికే అలా ఉండిపోవచ్చుగా, చావడం ఎందుకు? సగం కాపీ అయిన క్రోమోజోములు తెగిపోయి చస్తుందంతే, ఇందులో పెద్ద రహస్యం ఏం లేదనుకుంటా. ప్రతి దానికీ పీ53, అదే దెబ్బతిన్న కణాన్ని చావు వైపు నెట్టే ప్రోటీన్, దాని పేరే చెబుతారు, అదో ఫ్యాషన్.

పిపెట్_చెయ్యి
కెమిస్ట్రీ బ్రో, ఇక్కడ మాత్రం ఒప్పుకోను. తెగిపోయి దానంతటది చావడం కాదు, కణం తనే చావాలని నిర్ణయం తీసుకుంటుంది. ఫోర్క్ ఆగిపోతే ఒంటిపోగు డీఎన్‌ఏ బయటపడుతుంది, దాన్ని ఏటీఆర్, చెక్1 అనే కాపలా ప్రోటీన్లు పసిగడతాయి, పీ53 లేస్తుంది, కణాన్ని లోపల్నుంచి ముక్కలు చేసే కాస్పేజ్‌లు పని మొదలెడతాయి. దీనికి సాక్ష్యం జువాలజీ గారు చెప్పిన ఫ్లాట్‌హెడ్‌లోనే ఉంది. అదే మ్యూటెంట్‌లో పీ53 కూడా లేకుండా చేసి చూశారు. పోల్‌డీ1 అలాగే పాడైపోయి ఉంది, అయినా కణాల చావు ఆగింది, పైగా చాలా రకాల కణాలు తమ తమ రూపం తెచ్చుకున్నాయి కూడా. పిన్‌బాల్ ఐలోనూ పీ53ని అణిచేస్తే రెటీనాలో చావులు తగ్గాయి. డీఎన్‌ఏ తెగడమే చావుకి కారణమైతే పీ53 లేకపోయినా చావాలిగా?

లక్ష్మీపురం_సత్య
అంటే పీ53 తీసేస్తే పిల్ల బతికేస్తుందా? బాగుందే. మరి తీసేయొచ్చుగా 😅

పిపెట్_చెయ్యి
కణం బతకడం వేరు, చేప బతకడం వేరు అండీ. పాలిమరేజ్ లేదన్న లోటు అలాగే ఉంది, కొత్త కణాలు పుట్టవు. ఉన్నవి చావకుండా నిలబడ్డాయి, అంతవరకే. అందుకే నా లెక్కలో ఈ ప్రయోగం చికిత్స కాదు, ఎవరు చంపారో చూపించే సాక్ష్యం మాత్రమే.

కొత్తపేట_కెమిస్ట్రీ
సరే, ఈ ఒక్క మ్యూటెంట్ వరకు ఒప్పుకుంటా. అన్ని జన్యువులకీ ఇదే వర్తిస్తుందని మాత్రం ఇప్పుడే రాసివ్వను.

మార్నింగ్_వాక్_మాస్టారు
మీ ఇద్దరి మధ్యలో ఒక సంగతి పెడతా. ఈ ఆత్మహత్య చేసుకునే శక్తి పిండానికి పుట్టుకతో రాదు. మూడు గంటల లోపు పిండాన్ని అఫిడికోలిన్ లాంటి మందులో పెట్టి రెప్లికేషన్ ఆపితే, చెక్‌పాయింట్ లేదు కాబట్టి కణం ఆగదు, డీఎన్‌ఏ సంగతి చూడకుండానే విభజనకి వెళ్లిపోతుంది, అపోప్టోసిస్, అంటే కణం తనంతట తాను చావడం, కూడా జరగదు. కణాలు పొరలుగా సర్దుకునే గాస్ట్రులేషన్ మొదలయ్యే వేళకి గానీ, అంటే అయిదారు గంటల వయసు దాటాక గానీ, దెబ్బ తగిలితే చావాలన్న తెలివి రాదు. కాబట్టి కెమిస్ట్రీ అన్న "కణం ఊరికే ఉండిపోవచ్చుగా" అన్న ప్రశ్నకి జవాబు పిండం వయసుని బట్టి మారుతుంది.

సరదా_సాంబయ్య
మూడు గంటల వయసులో చెక్‌పాయింట్ లేదు, ఏదీ చూసుకోకుండా ముందుకి పోవడమే. బెంజి సర్కిల్‌లో కొందరు ఇంకా ఆ వయసు దాటలేదు.

పిల్లల_డాక్టర్_బ్రాడీపేట
ఈ చర్చ చదువుతుంటే ఒక జబ్బు గుర్తొచ్చింది, మైయర్ గోర్లిన్ సిండ్రోమ్. పిల్లలు పొట్టిగా ఉంటారు, చెవులు చిన్నవి, మోకాలి చిప్ప చిన్నదిగా ఉంటుంది లేదా అసలు ఉండదు. 2011లో దీని వెనక జన్యువులు బయటపడ్డాయి. ఓఆర్‌సీ1, ఓఆర్‌సీ4, ఓఆర్‌సీ6, సీడీటీ1, సీడీసీ6. చూడండి, పైన పిపెట్ గారు చెప్పిన జాబితాలోవే, రెప్లికేషన్‌కి లైసెన్స్ ఇచ్చే బృందం. జీబ్రాఫిష్‌లో ఓఆర్‌సీ1 తగ్గిస్తే పిల్లలు పొట్టిగా పెరిగాయి.

ఒక హెచ్చరిక. ఈ పిల్లల్లో ఆ ప్రోటీన్ పూర్తిగా లేకపోవడం కాదు, కొంత పని చేస్తూనే ఉంటుంది. పూర్తిగా పోతే బిడ్డ పుట్టే ప్రసక్తే లేదు. క్షీరదాల్లో తల్లి ఇచ్చే సరుకు అంతసేపు లాగదు. ఎలుక పిండం రెండు కణాల దశలోనే, మనిషి పిండం నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో సొంత జన్యువుల మీదికి మళ్లుతుంది. ఎలుకలో పోల్‌డీ1 పూర్తిగా తీసేస్తే పిండం గర్భాశయానికి అతుక్కునే రోజుల్లోనే ఆగిపోతుంది. అందుకని అమ్మాయ్, మీ సార్ మాట ఎలుకకి పెట్టి చూస్తే మరీ కొట్టిపారేసేది కాదు, కాస్త దగ్గరికి వస్తుంది. ఆ తేడాని నువ్వే స్లైడ్‌లో ముందుగా పెట్టేస్తే ఆయన ఇక అడగడానికి ఏమీ మిగలదు.

గుంటూరు_జువాలజీ
ఈ పాయింట్ అదిరింది మేడమ్, స్లైడ్ ఇప్పుడే మొదలెట్టా. ఇంకో ప్రశ్న, తల్లి సరుకు వల్లే బతికిందని నిరూపించడం ఎలా? తల్లే హోమోజైగస్ మ్యూటెంట్ (రెండు కాపీలూ చెడిపోయినది) అయితే తెలిసిపోతుంది, కానీ అలాంటి తల్లి అయిదారు రోజులకే చచ్చిపోతుందిగా, ఇక గుడ్లెక్కడ పెడుతుంది?

పిపెట్_చెయ్యి
దానికో దొడ్డిదారి ఉంది. మామూలు పిండంలో బీజకణాలు పుట్టకుండా చేసి, మ్యూటెంట్ పిండంలోని బీజకణాలు తెచ్చి అందులో పెడతారు. ఒళ్లు మామూలుది కాబట్టి చేప బతికి పెద్దదవుతుంది, గుడ్లు మాత్రం మ్యూటెంట్‌వి. దాన్ని జెర్మ్‌లైన్ రీప్లేస్‌మెంట్ అంటారు, 2002 నుంచి వాడుకలో ఉంది. కానీ మన విషయంలో అదీ తేలిక్కాదు, ఎందుకంటే బీజకణం కూడా విభజన అయ్యే కణమే, రెప్లికేషన్ లేకుండా అదెలా గుడ్డు దాకా వస్తుంది? అందుకే సెమినార్‌లో "ఇలా నిరూపించారు" అనకు, "తల్లి ఎంఆర్‌ఎన్‌ఏ ఒక కణం దశలోనే కనిపిస్తుంది" అని చూపించు, అది చాలు.

బెజవాడ_అక్వేరియం
మధ్యలో నా గోడు. మా ట్యాంకులో జీబ్రా డానియోలు, అవే మీ జీబ్రాఫిష్‌లు, గుడ్లు పెడతాయి, మధ్యాహ్నానికి సగం తెల్లగా అయిపోతాయి, మిగతావి మాయం. ఇది కూడా మ్యూటేషనా? విజయవాడ ఎండలకి డీఎన్‌ఏ పాడవుతోందేమోనని మా బావమరిది థియరీ.

పిపెట్_చెయ్యి
మీ బావమరిదికి ఓ దండం. తెల్లబడ్డవి చాలావరకు ఫలదీకరణ కానివి అన్నా, వెంటనే తీసెయ్యాలి, లేకపోతే బూజు పక్కవాటికి పడుతుంది. మేమైతే నీళ్లలో మిథిలీన్ బ్లూ చుక్క వేస్తాం. మాయమైనవి వాటి అమ్మానాన్నలే తినేశారు. ట్యాంకు అడుగున గోళీలు పరిస్తే గుడ్లు సందుల్లోకి జారిపోతాయి. పొద్దున లైటు వెయ్యగానే గుడ్లు పెడతాయి, అప్పుడే చూసుకోండి.

ఎండ సంగతికొస్తే, 25 నుంచి 33 డిగ్రీల మధ్య పిండం మామూలుగానే పెరుగుతుంది, వేగం మారుతుంది అంతే. దానికి 1995లో వచ్చిన లెక్క ఉంది. ఉష్ణోగ్రతని 0.055తో గుణించి 0.57 తీసేసి, వచ్చిన అంకెతో గంటల్ని భాగించాలి. 28.5 దగ్గర 24 గంటలు పట్టే దశ 33 దగ్గర 19 గంటల చిల్లరకే వస్తుంది, 25 దగ్గర దాదాపు 30 అవుతుంది. దాన్ని మించి వేడెక్కితే పిండం వంకర్లు తిరుగుతుంది, అంతమాత్రాన జన్యువు మారినట్టు కాదు.

జువాలజీ గారూ, ఇది మీకూ పనికొస్తుంది. ఇంక్యుబేటర్ రెండు డిగ్రీలు ఎక్కువున్నా మీ మ్యూటెంట్, మామూలు పిల్లల వయసులు కలవవు. గంటలు కాదు, దశ చూసి పోల్చాలి.

లక్ష్మీపురం_సత్య
నేనెప్పుడూ చూడలేదు కాబట్టి అడుగుతున్నా, మైక్రోస్కోప్‌లో ఆ మ్యూటెంట్ పిల్ల ఎలా కనపడుతుంది?

పిపెట్_చెయ్యి
మామూలు పిల్ల తల ఆ వయసులో అద్దంలా ఉంటుంది, మెదడు గదుల అంచులు కూడా కనిపిస్తాయి. రంగు అడ్డం రాకుండా పీటీయూ అనే మందు వేస్తాం. మ్యూటెంట్‌లో కళ్ల మధ్య, టెక్టమ్ ఉన్నచోట, ముందు సన్నగా పొగ కమ్మినట్టు మసకబారుతుంది, తర్వాత బూడిదరంగు గరుకు మచ్చ అవుతుంది. కన్ను చిన్నదై తల పైభాగం చదునుగా కనిపిస్తుంది. అదే పిల్లని అక్రిడిన్ ఆరెంజ్‌లో కాసేపు ఉంచి ఫ్లోరోసెన్స్ కింద పెడితే చచ్చే కణాలన్నీ ఆకుపచ్చగా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను ప్లేట్ మారిపోయిందనుకున్నా, ఎందుకంటే కింద గుండె మాత్రం టకటకా కొట్టుకుంటూనే ఉంది.

గుంటూరు_జువాలజీ
నా దగ్గర అక్రిడిన్ ఆరెంజ్ బొమ్మ ఒకటుంది, కానీ అది మ్యూటెంట్ కాదు, మార్ఫోలినో ఇచ్చి జన్యువుని అణిచిన పిండం. అది పెట్టొచ్చా?

కొత్తపేట_కెమిస్ట్రీ
పెట్టకు. ఇక్కడ నా అనుమానమే నెగ్గుతుంది. మార్ఫోలినోలు గురి తప్పి వాటంతటవే పీ53ని లేపుతాయని 2007లోనే రాశారు. చావు పీ53 వల్ల అని వాదిస్తూ, పీ53ని ఊరికే లేపే సాధనంతో తీసిన బొమ్మ చూపిస్తే ముందు వరస సార్ ఊరుకుంటారా?

పిపెట్_చెయ్యి
కెమిస్ట్రీ బ్రో చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆ స్లైడ్ తీసెయ్. అక్రిడిన్ ఆరెంజ్ ఒక్కటే చూపినా చాలదు, ఎవరు చచ్చారో తెలుస్తుంది గానీ ఎవరు కాపీ చేస్తూ ఇరుక్కుపోయారో తెలియదు. ఈడీయూ బొమ్మ, ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 బొమ్మ పక్కపక్కన ఉన్న ఫిగర్ వెతుకు. మొదటిది డీఎన్‌ఏ తయారవుతున్న కణాల్ని పట్టుకుంటుంది, రెండోది విభజనలో ఉన్నవాటిని. ప్రోజెనిటర్ ఎక్కడ ఆగిందో ఆ రెండూ కలిపి చూస్తే చెప్పొచ్చు.

బెజవాడ_అక్వేరియం
గోళీలు ఏ సైజు తీసుకోవాలి? వన్‌టౌన్‌లో పిల్లలు ఆడుకునేవి పనికొస్తాయా, అక్వేరియం షాపువాడు వాటికే మూడింతలు చెబుతున్నాడు.

కైకలూరు_హేచరీ
ఆడుకునేవే చాలు. వేడినీళ్లలో కడిగి వెయ్యి, సబ్బు మాత్రం పెట్టమాక.